మూగమందు

ఎస్తేరు దగ్గలేదు.

గాజు గదిలో కుర్చీ మీద కూర్చుని, నోటికి పెట్టుకున్న గొట్టంలోంచి మిరపఘాటు కలిపిన ఆవిరి పీల్చింది. యంత్రం ఘాటు పెంచింది. మళ్ళీ పీల్చింది. ఇంకా పెంచింది. ఆ మోతాదుకి మామూలు మనిషైతే గొట్టం విసిరికొట్టి, కళ్ళూ ముక్కూ కారుతుండగా తలుపు వెతుక్కుంటూ పరిగెత్తాలి. ఎస్తేరు మాత్రం బస్టాండులో బస్సు కోసం కూర్చున్న మనిషిలా తీరిగ్గా ఊపిరి తీసుకుంటోంది.

"ఏమ్మే రూతూ, మీ మిషను పన్జేస్తందా?" అనడిగింది మైకులోంచి.

అద్దానికి ఇవతల నిలబడ్డ రూతు యంత్రం వంకా అక్క వంకా మార్చి మార్చి చూసింది. పక్కనే ఉన్న డాక్టర్ పరాంకుశం ఆ పరిశోధనశాలకు పెద్ద. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పన్చేస్తోందని చెప్పండి రూత్ గారూ. మీ అక్కగారికి మీరే చెప్పండి" అన్నాడు.

రూతు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళడంతోనే గదిలో మిగిలిన ఘాటు గొంతుకి తగిలి, ఆమే వంగిపోయి దగ్గడం మొదలుపెట్టింది. ఎస్తేరు లేచి చెల్లెలి వీపు నిమిరింది. ఆ ఇంట్లో ఒకరి వీపు ఒకరు నిమరడం కొత్తేమీ కాదు. కానీ ఇన్నేళ్ళూ నిమిరింది రూతు.

గుంటూరు ఏటుకూరు రోడ్డు వెంట ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో ఎస్తేరు పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తోంది. టిక్కీ బస్తాలు విప్పి కుప్పపోసిన మిరపకాయల ముందు మూతికి గుడ్డ కట్టుకుని కూర్చోవాలి. తొడిమలు గిల్లాలి. రంగుపోయి తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పడెయ్యాలి. కాయ కదిలినప్పుడల్లా కోరు, ఆ ఘాటు దుమ్ము, పైకి లేస్తుంది. గుడ్డ ఎంత బిగించి కట్టినా ముక్కులోకీ గొంతులోకీ దిగుతుంది. మొదట్లో అందరికీ దగ్గొస్తుంది, ఇంటికెళ్ళాక పోతుంది. ఎస్తేరుకి ఒక ఏడాది పోలేదు. ఆ తర్వాత ఇక పోనేలేదు.

బస్సులో పక్క సీటు వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. యేసు గుడిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే ఎస్తేరు తనంతట తనే బయటికొచ్చి చెప్పుల దగ్గర కూర్చునేది. టీబీ పరీక్షలు చేస్తే లేదన్నారు. ఆస్తమా మందులు వాడితే తగ్గలేదు. పని మానెయ్యమన్నారు. భర్త టిక్కీలు మోస్తూ లారీ మీంచి పడి చనిపోయాడు. కూతురు కెజియా అప్పటికింకా బడిలో ఉంది. పని మానడం కుదరలేదు. మానిన రోజుల్లోనూ దగ్గు మానలేదు. అగ్గిపుల్ల గీసినా, ఎవరైనా సెంటు పూసుకొచ్చినా, చల్లగాలి తగిలినా దగ్గే.

రూతు చదువుకున్నది ఆ దగ్గు గురించే. ఎన్నో ఏళ్ళు దాని వెంటపడి, చివరికి ఊపిరితిత్తుల్లోకి వచ్చే నరాల కొసల దగ్గర ఆగింది. ఒకసారి అక్కని తీసుకొచ్చి మైక్రోస్కోపుకి తగిలించిన తెర ముందు కూర్చోబెట్టింది. గాజుపళ్ళెంలో పెంచిన నరకణాలు తెర మీద బూడిదరంగు చుక్కల్లా కనిపిస్తున్నాయి. రూతు ఒక చుక్క పులుపు వేసింది. చుక్కలన్నీ ఒక్కసారిగా ఆకుపచ్చగా వెలిగాయి.

"ఇప్పుడది దగ్గమని కేకేస్తంది అక్కా."

"ఎవరికి?"

"మెదడుకి. ఈ నరం కొసన ఒక చెవి లాంటిది ఉంటది. కాల్షియాన్ని పసిగట్టడమే దాని పని. ఎముకల్లో ఉండే సున్నం లేదూ, అదే. నరం ఎంత తొందరగా ఉలిక్కిపడాలో చెప్పేది ఆ చెవే. ఊపిరితిత్తుల్లో వాపొచ్చి ఉండిపోతే ఆ వాపులో ఊరే సరుకులు దాన్ని ఎప్పుడూ రేపుతానే ఉంటాయి. దాంతో గుప్పెడు కోరుకి ఉలిక్కిపడాల్సిన నరం చిటికెడుకే పడిద్ది. ఆఖరికి ఏమీ లేకపోయినా పడిద్ది."

"నాకట్టా అయిందా?"

"నీకట్టాగే అయింది."

రూతు ఇంకో చుక్క వేసింది. అది తను తయారుచేసిన మందు. అది ఆ చెవిలో బిరడాలా కూర్చుంటుంది. ఆకుపచ్చ వెలుగు ఆరిపోయింది. ఆ తర్వాత ఎంత పులుపు వేసినా, కారం వేసినా చుక్కలు బూడిదరంగులోనే ఉన్నాయి.

ఎస్తేరు తెర వైపు చాలాసేపు చూసింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది. "నాకియ్యవే అది" అంది.

అప్పటికి జంతువుల మీద పరీక్షలు అయిపోయాయి. మనుషుల మీద మొదలుపెట్టడానికి అనుమతి వచ్చింది. రూతు అన్నీ వివరంగా చెప్పి, వేరే డాక్టరు చేత మళ్ళీ చెప్పించి, అక్క పేరు చేర్చింది.

గాజు గదిలో ఎస్తేరు దగ్గని ఆ రోజు తర్వాతి నెలలు వాళ్ళ ఇంట్లో పండగే. ఎస్తేరు వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అంతకుముందు గోడకి దిండు ఆనించి కూర్చునే నిద్రపోయేది. కెజియా పిన్నికి ఫోన్ చేసి నవ్వుతూ ఏడ్చింది. "మొదటి రోజు నాకు మెలకువొచ్చింది పిన్నీ. దగ్గు వినపళ్ళా. అమ్మ ముక్కు కాడ వేలు పెట్టి చూశా." గుడిలో ఎస్తేరు ముందు వరసలో కూర్చుంది. ఆవకాయ కలిపేటప్పుడు ఇంట్లోనే ఉంది. అంతకుముందు పక్కింటికి వెళ్ళిపోయేది.

మందు బజారులోకి వచ్చింది. కంపెనీ దానికి నాలుక తిరగని పేరు పెట్టింది. మిర్చి పని చేసే ఆడవాళ్ళు దాన్ని మూగమందు అన్నారు, ఆ పేరే నిలిచింది. నీలంరంగు గొట్టం. పొద్దున ఒక పీల్పు, సాయంత్రం ఒక పీల్పు. కోల్డ్ స్టోరేజీల వాళ్ళూ కారం మిల్లుల వాళ్ళూ పెట్టెలకి పెట్టెలు తెప్పించి, మంచినీళ్ళ కుండ పక్కన పెట్టారు. దగ్గు లేదు కనక ఎవరూ మూతికి గుడ్డ కట్టుకోవడం లేదు. మిల్లుల్లో కోరుని బయటికి లాగే ఫ్యాన్లు చెడిపోతే బాగుచేయించడం మానేశారు. ఆడవాళ్ళు ఆ ఎర్రటి పొగమంచులో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పనిచేశారు. అక్కడ మనుషులు పాడుకోవడం రూతు మొదటిసారి విన్నది అప్పుడే.

కిందటేడు ఎండాకాలంలో జంతువుల గదిలో ఒక సంగతి జరిగింది. చాలా నెలలుగా మందు మీద ఉన్న గినీ పందుల బోను ఒకటుంది. మందు కలిపిన గాలి పంపే గొట్టం శనివారం ఊడిపోయింది. సెలవు రోజుల్లో ఎవరూ చూడలేదు. సోమవారం రూతు వెళ్ళేసరికి అన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఆ గదిలో గాలి కడిగినంత శుభ్రంగా ఉంది. కారం లేదు, దుమ్ము లేదు. జంతువుల ఊపిరిగొట్టాలు లోపల చిట్లిపోయాయి. దగ్గీ దగ్గీ చచ్చాయి.

రూతు ఆ నరాలను కోసి చూసింది. చెవులు మూసేస్తే నరం ఊరుకోలేదు, కొత్తవి మొలిపించుకుంది. నెలనెలా మొలిపించుకుంటూ పోయింది. మందు ఉన్నంతకాలం అవన్నీ మూగగా ఉన్నాయి. మందు ఆగగానే అన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. అప్పుడు దానికి వట్టి గాలే కారం.

ఆమె పరాంకుశం గదికి పరుగున వెళ్ళింది. ఆమె తెచ్చిన నరాల ఫోటోలు ఆయన ఒక్కొక్కటే చూశాడు.

"అందరికీ చెప్పాలి సార్. ఇవాళే."

"ఏమని చెబుతారు?"

"వాడొద్దని."

"రూత్ గారూ, వాడొద్దని చెబితే జనం ఏంచేస్తారు? రేపు పొద్దునే ఆపేస్తారు. ఆపిన బోను మీరే చూసొచ్చారు."

రూతు నిలబడే ఉంది. ఆయన ఫోటోలు బోర్లా తిప్పి పెట్టాడు. ఆ మందు మీద ఆయన పేరు కూడా ఉంది.

"వాడొచ్చని చెప్పలేం. ఆపమనీ చెప్పలేం" అన్నాడు. "కొత్తవాళ్ళకి ఇవ్వకుండా చేద్దాం. కంపెనీతో నేను మాట్లాడతాను. ఇప్పటికే వాడుతున్నవాళ్ళని దింపే దారి మీరు వెతకండి."

రూతు అక్కడినుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. ఎస్తేరు వాకిట్లో గిన్నెలు తోముతోంది. చెల్లెల్ని చూసి లేచి వచ్చింది. రూతు ముందుగా చూసింది అక్క పెదాలనే. రంగు నేరేడుపండులా మారుతోంది. గోళ్ళూ అంతే.

"ఆయాసంగా ఉంటందా అక్కా?"

"ఆయాసమా? నాకా? పొద్దున నీళ్ళ బిందెలు మేడ మీదికి మోశానే."

రూతు సంచిలోంచి చిన్న క్లిప్పు తీసి అక్క వేలికి పెట్టింది. తెర మీద పడ్డ అంకెని చూసి, క్లిప్పు చెడిపోయిందేమోనని తన వేలికి పెట్టుకుంది. చెడిపోలేదు. ఆ మాత్రం ప్రాణవాయువుతో మనిషి నడవలేడు. ఎస్తేరు నడుస్తోంది, మోస్తోంది, నవ్వుతోంది. ఊపిరి చాలట్లేదని చెప్పాల్సిన నరం మూగబోయింది కాబట్టి ఆమెకి తెలియడం లేదు.

మర్నాడు స్కాన్ తీయించింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ కింది సగం తెల్లగా గడ్డకట్టి ఉంది. దగ్గి బయటికి నెట్టాల్సిందంతా లోపలే ఉండిపోయింది. ఏళ్ళ కోరు, దానికి పట్టిన బూజు, కొరపోయినప్పుడు దారి తప్పి దిగిన మెతుకులు.

రూతు అన్నీ దాచకుండా చెప్పింది. ఎస్తేరు మంచం మీద కూర్చుని వింది. ఏడవలేదు. అంతా అయ్యాక, "కెజియా కూడా పీలస్తంది" అంది.

"ఏంది?"

"ఇంటర్ అయిపోయిందిగా. నర్సింగు సీటు వచ్చిందాకా ఖాళీగా ఎందుకని కారం మిల్లులో చేరింది. అక్కడ అందరూ పీలస్తారు. పీల్చకుండా ఆ గదిలో నిలబడలేరంట. నీకు చెప్పొద్దంది."

"ఎప్పట్నించి?"

"సంక్రాంతి ముందు నుంచి."

రూతు గుమ్మంలోనే కూర్చుంది. అక్క తన మీద కోప్పడుతుందని, ఒక మాట అంటుందని ఎదురుచూసింది. ఎస్తేరు వచ్చి పక్కన కూర్చుంది.

"దించే దారి ఉందా?"

"కొంచెం కొంచెంగా తగ్గించుకుంటా వస్తే, శుభ్రమైన గాల్లో ఉంచితే, నరం మళ్ళీ ఆ చెవుల్ని రాల్చేసుకోవచ్చు. రాల్చకపోనూవచ్చు. మనిషి మీద ఎవరూ చూళ్ళా."

"నా మీద చూడు."

"నువ్వు తట్టుకోలేవు అక్కా. నీ ఊపిరితిత్తులు ఇట్టా ఉన్నప్పుడు..."

"మందు పీలస్తా కూర్చుంటే మాత్రం ఎన్నాళ్ళుంటా? నువ్వే చెప్పావుగా." ఎస్తేరు గొంతు తగ్గించింది. లోపల కెజియా అన్నం వారుస్తోంది. "నాకు రాలితే దానికీ రాలుద్ది. నాకు కుదిరిందాకా దాన్ని ఆపనీబాక. ముందు నేను."

పరిశోధనశాల వెనక భాగంలో ఒక గదిని సిద్ధం చేశారు. వచ్చే గాలిని మూడు జల్లెడలు పట్టి పంపేవాళ్ళు. లోపలికి వెళ్ళేవాళ్ళు తలకి నూనె రాసుకోకూడదు, పౌడరు పూసుకోకూడదు. రూతు ఒక మెరుపు పదార్థం తయారుచేసింది. దాన్ని పీలిస్తే అది పోయి ఆ చెవులకే అతుక్కుంటుంది, స్కానులో వెలుగుతుంది. వెలుగు ఎక్కువైతే చెవులు ఎక్కువని. మొదటి రోజు తీసినప్పుడు ఎస్తేరు రొమ్ములో రెండు చెట్లకి మంటలంటుకున్నట్టు కనిపించింది. అదే రోజు కెజియాకీ తీశారు. ఆమెది అంతకన్నా కాంతిగా ఉంది. మిల్లులో కారం మెత్తటిది, లోతుకి దిగింది. పైగా చిన్న వయసు నరాలు.

కెజియాకి మందు మామూలుగా ఇస్తూ, ఎస్తేరుకి తగ్గించడం మొదలుపెట్టారు.

మోతాదు సగానికి వచ్చేదాకా బాగానే గడిచింది. అక్కాచెల్లెళ్ళు చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నారు. సగం దాటాక దగ్గు వచ్చింది. ముందు గొంతు సవరించుకున్నట్టు. తర్వాత ఎక్కిళ్ళలా, ఆగకుండా. పావు మోతాదుకి వచ్చేసరికి ఎస్తేరు మాట్లాడలేకపోయింది. మాటకి తీసుకునే ఊపిరి కూడా ఆమె నరాలకి మంటే. మింగిన ఉమ్ము తగిలినా దగ్గే. పక్క మీద దుప్పటి సర్దితే లేచే గాలికి దగ్గే. ఒక పక్కటెముక పగిలింది. రెండోది పగిలింది. అటుపైన దగ్గిన ప్రతిసారీ ఆమె ముఖం చూడటానికి నర్సులు భయపడ్డారు.

రూతు నీలం గొట్టం పట్టుకుని మంచం పక్కన నిలబడేది. "ఒక్కసారి పీల్చు అక్కా. ఒక్కరోజు విశ్రాంతి తీసుకుని మళ్ళీ మొదలెడదాం." ఎస్తేరు తల అడ్డంగా ఊపేది. ఒకసారి గొట్టాన్ని చేత్తో తోసేసింది. అది గోడకి తగిలి పడింది.

కెజియాని లోపలికి రానివ్వలేదు. అద్దం బయట నిలబడి చూసేది. తల్లి కూతురి వైపు తిరిగి, ఒళ్ళంతా ఎగిరిపడుతుండగానే, ఏం కాదన్నట్టు చెయ్యి ఊపేది.

పూర్తిగా మందు ఆపి కొన్ని వారాలు గడిచాక మళ్ళీ స్కాన్ తీశారు. రూతూ పరాంకుశమూ తెర ముందు కూర్చున్నారు. బొమ్మ మెల్లగా పైనుంచి కిందికి వచ్చింది. రెండు చెట్లూ మండుతూనే ఉన్నాయి. పాత బొమ్మ తెచ్చి పక్కన పెట్టారు. ఏ కొమ్మ దగ్గరా వెలుగు తగ్గలేదు. రెండు మూడు చోట్ల పెరిగింది కూడా.

"ఇంకొన్నాళ్ళు చూస్తే?" అంది రూతు.

"మీకు తెలుసు కదమ్మా" అన్నాడు పరాంకుశం. ఆయన ఆమెని అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. "నరం వాటిని తీసిపారేసే దారినే పోగొట్టుకుంది. మీరు కోసిన ముక్కల్లో కూడా అదేగా కనిపించింది. ఇవి పోయేవి కావు."

"కెజియాకి?"

ఆయన తెర ఆర్పేశాడు.

రూతు నడవాలో కొంచెంసేపు నిలబడింది. లోపల అక్క నిజం కోసం ఎదురుచూస్తోంది. నిజం చెబితే మందు తీసుకుంటుంది, దగ్గు ఆగుతుంది. కానీ కూతురికి దారి లేదని తెలుసుకుని పోతుంది. తగ్గుతోందని చెబితే ఆ సంతోషంతో ఇంకా పట్టుదలగా మందు వద్దంటుంది, దగ్గుతూ దగ్గుతూ ఎముకలు విరిగి పోతుంది. రూతు రెంటినీ అటూ ఇటూ తిప్పి చూసుకుని, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళింది.

ఎస్తేరు కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. మాట రాక, అరచెయ్యి ఎత్తి మెల్లగా కిందికి దించింది. తగ్గిందా?

"తగ్గింది అక్కా" అంది రూతు. "సగానికి సగం రాలిపోయాయి. మేం చూడాల్సింది చూసేశాం. ఇంక నువ్వు పడక్కర్లా. పరీక్ష అయిపోయింది."

ఎస్తేరు నమ్మలేనట్టు చూసింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"ఒట్టు. కెజియా కొత్తగదా, దానికి ఇంకా తొందరగా రాలతాయి. నీకు నొప్పి తగ్గడానికి ఇది పీల్చు. నీ వంతు అయిపోయిందిగా."

ఎస్తేరు నవ్వింది. నవ్వుకి దగ్గొచ్చింది. ఆ దగ్గులోనే నోరు తెరిచింది. రూతు గొట్టం పెట్టి నొక్కింది.

గంట తిరక్కుండా గది నిశ్శబ్దమైపోయింది. ఎస్తేరు దిండుకి ఆనుకుని చుట్టూ చూసింది. మొదటి మాటగా, "ఆకలేస్తందే" అంది.

మర్నాడంతా, ఆ మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. కెజియా లోపలికి వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. ఎస్తేరు ఆ పిల్ల తల దువ్వింది. నర్సింగులో చేరాక తెల్లబట్టలకి నీలిమందు ఎంత వెయ్యాలో చెప్పింది. పప్పుచారు తాగింది, ఉప్పు చాల్లేదంది. వేలికి పెట్టిన క్లిప్పు మీద అంకె దిగిపోతూ ఉంది. దాన్ని దుప్పటి కింద పెట్టింది రూతు. ఎస్తేరు పెదాలు నేరేడు రంగు దాటి బూడిదరంగులోకి వచ్చాయి. ఆమెకి ఏమీ తెలియలేదు. ఊపిరి కోసం ఎగబీల్చలేదు, భయపడలేదు. ఏదో చెప్పబోయి, మాట మరిచిపోయినట్టు కళ్ళు చిట్లించింది. "నిద్రొస్తంది, కాసేపు పడుకుంటానే" అంది. పడుకుంది.

కెజియా అమ్మ నిద్రపోయిందనే అనుకుని దుప్పటి కప్పింది.

సమాధుల తోటలో మట్టి పోసి వచ్చాక, ప్రార్థన కూటానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆడవాళ్ళలో చాలామంది కోల్డ్ స్టోరేజీ వాళ్ళే. వాళ్ళ పెదాలవైపు చూడకుండా ఉండటానికి రూతు తల దించుకుని కూర్చుంది. కంపెనీ కొత్తవాళ్ళకి ఇవ్వడం ఆపింది. పాతవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇల్లు ఖాళీ అయ్యాక కెజియా వచ్చి పిన్ని పక్కన చాప మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. కానీ కళ్ళలో ఒక ధైర్యం ఉంది.

"నేను పొద్దున మందు పీల్చలా పిన్నీ."

రూతు తలెత్తింది.

"అమ్మ చెప్పింది. నాకు తగ్గింది, నీకూ తగ్గుద్ది, ఎంత కష్టమైనా ఓర్చుకోమంది. నేను ఓర్చుకుంటా. అమ్మ ఓర్చుకోలా?" గొంతు సవరించుకుంది. ఒకసారి, ఇంకోసారి. "కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారే మానేస్తా. తొందరగా అయిపోద్దిగా."

"మందేది?"

"దొడ్లో పారేశా."

రూతు లేచి తన సంచి తెచ్చుకుంది. లోపల నీలం గొట్టం ఉంది. అక్క గదిలోంచి తెచ్చిన దాన్ని ఎందుకు పారెయ్యలేదో ఆమెకే తెలియదు. మూత తీసింది. కెజియా వెనక్కి జరిగింది.

"వద్దు పిన్నీ. అమ్మ అంత పడింది నాకోసమేగా."

"కెజియా, విను."

"అమ్మకి సగం రాలాయని నువ్వేగా..."

"రాల్లేదు."

వాకిట్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. టెంటు వాళ్ళు వచ్చినట్టున్నారు. కెజియా అర్థంకానట్టు చూసింది. మాట్లాడబోతే దగ్గు అడ్డొచ్చింది. ఈసారి పొడిగా, లోపల్నుంచి వచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గింది.

"ఒక్కటి కూడా రాల్లేదమ్మా" అంది రూతు. "రాలవు. నేనట్టా చెప్పకపోతే మీ అమ్మ మందు పీల్చేది కాదు."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నువ్వు చెప్పినప్పుడు ఏమంది?"

"నవ్వింది."

కెజియా చాలాసేపు చాప అంచు లాగుతూ కూర్చుంది. దగ్గు వస్తోంది, ఆగుతోంది. వచ్చిన ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువసేపు ఉంటోంది. ఆ పిల్ల మెడలో నరాలు తేలాయి. ఆఖరికి ఆగకుండా వచ్చింది. చాప మీద ఒరిగిపోయి, ఒక చేత్తో నేలని గోకుతూ, ఇంకో చెయ్యి పిన్ని వైపు చాచింది.

రూతు ఆమెని లేపి తన రొమ్ముకి ఆనించుకుని, గొట్టం నోటికి పెట్టి నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

మెల్లగా దగ్గు సద్దుమణిగింది. కెజియా కళ్ళు తుడుచుకుని, లోతుగా ఊపిరి తీసుకుంది, హాయిగా వదిలింది. ముఖం తేటపడింది, బుగ్గలకి మళ్ళీ రంగొచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎలా ఉండాలో అలా ఉంది. ఆ ముఖంలోకే రూతు చూడలేకపోయింది.